హీరో కాగలిగినవాడే విలన్



1988లో అమెరికాలో వార్నర్ బ్రదర్స్ అనే సినిమా కంపెనీకి ఉత్తరాలు రావడం మొదలైంది. ఒకటీ అరా కాదు, వేలకొద్దీ. ఇంటర్నెట్ ఇళ్లలోకి రాని రోజులవి. అంటే ఒక్కొక్కరూ కాగితం తీసుకుని, కూర్చుని రాసి, కవర్లో పెట్టి, స్టాంపు అంటించి, పోస్టు డబ్బాలో వేసి మరీ తిట్టారన్నమాట.

ఎందుకంత కోపం? బ్యాట్‌మన్ సినిమా తీస్తున్నారు. దర్శకుడు టిమ్ బర్టన్. బ్యాట్‌మన్ వేషం మైకేల్ కీటన్‌కి ఇచ్చారు. కీటన్ అప్పటికి హాస్యపాత్రలకు పేరుపడ్డ నటుడు. భారీ మనిషి కాదు. కండలు లేవు. మనల్ని నవ్వించే ఈయనా బ్యాట్‌మన్? ఇదీ అభిమానుల గోల.

1989లో సినిమా వచ్చింది. గోల సద్దుమణిగింది. చీకట్లో ఒంటరిగా కూర్చుని, ఏదో ఆలోచన తొలిచేస్తున్నట్టు ఉండే ధనవంతుడిగా కీటన్ జనానికి నచ్చాడు. కండల సంగతి ఆ నల్లటి తొడుగు చూసుకుంది.

ఇక్కడ నన్ను ఆకట్టుకునే సంగతి వేరే ఉంది. ఆ గొడవంతా హీరో గురించే. విలన్ జోకర్ వేషం జాక్ నికల్సన్‌ది. టైటిల్స్‌లో ముందు పడేది కూడా ఆయన పేరే, ఆ తర్వాతే బ్యాట్‌మన్‌గా వేసిన కీటన్ పేరు. అయినా సరే, సూపర్‌హీరో సినిమా అనగానే జనం అడిగే మొదటి ప్రశ్న, హీరో ఎవరు అని. విలన్ ఎవరన్నది తర్వాత. నేను ఈ పూట ఆ రెండో ప్రశ్న పట్టుకుంటాను. విలన్ వేషం ఎవరికివ్వాలి? ఆ విలన్‌ని ఎలా రాయాలి?

నా జవాబు ముందే చెప్పేస్తాను. హీరో వేషం వేయగలిగిన నటుడికే విలన్ వేషం ఇవ్వాలి. హీరో స్థానంలో నిలబడగలిగిన మనిషిగానే ఆ విలన్‌ని రాయాలి. మొదటిది నటుణ్ణి ఎంచుకోవడం, రెండోది రచన. చూడ్డానికి రెండు పనులు. నాకు మాత్రం రెండూ ఒకటే పనిలా కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ చూడండి. 2011లో ‘థోర్’ సినిమా వచ్చింది. ఉరుముల దేవుడు థోర్, చేతిలో సుత్తి. దర్శకుడు కెన్నెత్ బ్రానా. ఆ థోర్ వేషం కోసం చాలామందిని పరీక్షించారు. వాళ్లలో టామ్ హిడిల్‌స్టన్ అనే ఇంగ్లీషు నటుడు ఒకడు. పొడుగాటి బంగారు రంగు జుట్టు పెట్టుకుని, సుత్తి పట్టుకుని, నిజంగానే థోర్‌గా నటించి చూపించాడు. వేషం దక్కలేదు. క్రిస్ హెమ్స్‌వర్త్‌కి పోయింది. బ్రానా మాత్రం హిడిల్‌స్టన్‌ని వదల్లేదు. థోర్ తమ్ముడు లోకి వేషం ఇచ్చాడు. ఆ తమ్ముడే విలన్.

ఇప్పుడు లోకి కథ వినండి. రాజుగారికి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు థోర్, బలవంతుడు, దూకుడు మనిషి. చిన్నవాడు లోకి, తెలివైనవాడు. ఒకసారి శత్రువులతో యుద్ధంలో ఒక మంచు రాక్షసుడు లోకి చెయ్యి పట్టుకుంటాడు. ఆ పట్టుకి ఎవరి చెయ్యయినా కాలినట్టు మాడిపోవాలి. లోకి చెయ్యి మాడదు. నీలంగా మారుతుంది. అంటే ఆ రాక్షసుల రంగులోకి. లోకి తన చేతిని తనే చూసుకుంటాడు. ఒక్క మాట ఉండదు అక్కడ.

తర్వాత తండ్రిని నిలదీస్తాడు. నేనెవర్ని అని. నిజం బయటపడుతుంది. యుద్ధంలో ఓడిన శత్రురాజు కొడుకు వాడు. పసిగుడ్డుగా దొరికితే తెచ్చి పెంచుకున్నారు. ఇన్నేళ్లూ అన్నతో సమానంగా సింహాసనం మీద ఆశ పెట్టుకున్నవాడికి ఒక్క నిమిషంలో ఆ ఆశకి ఆధారమే లేదని తెలిసింది. కొడుకు కోపంతో అరుస్తుంటే తండ్రి మెట్ల మీద కుప్పకూలిపోతాడు. అంతసేపు అరిచిన లోకి భయంతో ఆ తండ్రి చెయ్యి తాకి, భటుల్ని పిలుస్తాడు. వాడిమీద మనకు కోపం రావాలా, జాలి పడాలా? రెండూ వస్తాయి.

మనకిది కొత్తా? కాదు. దాయాదుల పగ మీద నిలబడ్డ మహాకావ్యం చిన్నప్పట్నుంచీ వింటున్న వాళ్లం. 1977లో ‘దానవీరశూరకర్ణ’ తీసినప్పుడు ఎన్టీ రామారావుగారు దర్శకత్వం తనే చేశారు. కృష్ణుడి వేషం తనే వేశారు. కర్ణుడూ తనే. దుర్యోధనుడూ తనే. కృష్ణుడిగా జనం గుండెల్లో ఉన్న ముఖాన్నే తీసుకెళ్లి దుర్యోధనుడికిచ్చారు. పైగా ఆ దుర్యోధనుడికి యుగళగీతం కూడా పెట్టారు! హీరో కాగలిగినవాడే విలన్ కావాలని ఆ సినిమా చూసిన తెలుగువాడికి వేరే చెప్పనక్కర్లేదు.

సరే, మళ్లీ థోర్ దగ్గరికి వద్దాం. రెండేళ్ల తర్వాత, 2013లో రెండో సినిమా వచ్చింది. ఈసారి విలన్ మలెకిత్. యుగాల తరబడి నిద్రపోయి లేచిన చీకటి జాతి నాయకుడు. లోకాలన్నీ చీకటి చేసేస్తానంటాడు. ఆ వేషం వేసింది క్రిస్టఫర్ ఎకల్‌స్టన్. చిన్న నటుడేం కాదు. బ్రిటిష్ టెలివిజన్‌లో ‘డాక్టర్ హూ’గా మెప్పించినవాడు. ఏం లాభం? ముఖమంతా పూత. చాలాచోట్ల మాట్లాడేది కల్పిత భాష, కింద అక్షరాలు చదువుకోవాలి. అన్నిటికీ మించి, వాడికీ థోర్‌కీ చుట్టరికమూ లేదు, స్నేహమూ లేదు. ఎక్కడి నుంచో వచ్చాడు. చీకటి కావాలన్నాడు. చచ్చిపోయాడు. సినిమా చూసినవాళ్లని మలెకిత్ ఏమన్నాడో ఒక్క మాట చెప్పమనండి. చెప్పలేరు.

కానీ అదే సినిమాలో ఒక సన్నివేశం ఉంది. మలెకిత్ సేన దాడిలో థోర్ తల్లి చనిపోతుంది. లోకి అప్పుడు చెరసాలలో ఉన్నాడు. పెంచిన తల్లి పోయిందని వాడికీ కబురు తెలుస్తుంది. థోర్ వాణ్ణి చూడ్డానికి వస్తాడు. లోకి నున్నగా దువ్వుకుని, శుభ్రమైన బట్టల్లో, ఏమీ పట్టనట్టు నిలబడి ఉంటాడు. థోర్ అంటాడు, ఈ మాయలు చాలు అని. మాయ తొలగిపోతుంది. గదంతా ధ్వంసం. లోకి నేలమీద కూలబడి ఉన్నాడు. జుట్టు చెదిరిపోయి, పాదం రక్తమోడుతూ.

చూశారా? తల్లిని పోగొట్టింది కొత్త విలన్. మన గుండెని పట్టుకున్నది పాత విలన్. వేల మంది సైన్యం, ఓడలూ, పేలుళ్లూ ఉన్న మలెకిత్ చేయలేని పని, గోడకి చేరగిలబడి కూర్చున్న తమ్ముడు చేశాడు. మంచి నటుణ్ణి తెచ్చుకుంటే చాలు, విలన్ పాత్ర దానంతట అదే పండుతుందనుకునే నిర్మాతలకు ఈ ఒక్క సినిమా చాలు. ఆ తర్వాత 2016లో ఒక ఎక్స్‌మెన్ సినిమాలో ఆస్కార్ ఐజక్ లాంటి నటుణ్ణి తెచ్చి, నీలం పూతలో, బరువైన తొడుగులో పూడ్చిపెట్టారు. మళ్లీ అదే కథ. నటుడున్నాడు, మనిషి లేడు.

ఎక్స్‌మెన్ అన్నాను కాబట్టి ఒక పక్కమాట. 2000లో వచ్చిన మొదటి సినిమాలో వుల్వరిన్ వేషం వేసిన హ్యూ జాక్‌మన్ ఆరడుగులు దాటిన మనిషి. బొమ్మల కథల్లో వుల్వరిన్ పొట్టివాడు. ఆ వేషానికి ముందు అనుకున్న నటుడు వేరే సినిమా షూటింగులో ఇరుక్కుపోవడంతో జాక్‌మన్‌కి దక్కింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఆ పాత్ర ఆయనదే. ఎత్తు కొలిచి వేషాలివ్వడం కుదరదని అప్పుడు తేలిపోయింది.

అదే సినిమాలో విలన్ మాగ్నిటో. వేసింది ఇయన్ మెకెలన్, షేక్స్‌పియర్ నాటకాల్లో కాకలు తీరిన నటుడు. సినిమా మొదలయ్యేదే పోలండ్‌లో నాజీల నిర్బంధ శిబిరం గేటు దగ్గర. వానలో, బురదలో, తల్లిదండ్రుల్ని లాక్కుపోతుంటే ఏడుస్తున్న యూదు పిల్లవాడు. వాడే మాగ్నిటో. పెద్దయ్యాక, మనుషులు మళ్లీ అదే పని చేస్తారు, ఈసారి నేను ముందే కొడతానంటాడు. తప్పంటాం. కానీ ఆ గేటు చూశాక అంత తేలిగ్గా అనలేం. ఇతని శత్రువు ప్రొఫెసర్ జేవియర్ ఒకప్పటి ప్రాణస్నేహితుడు. సినిమా చివర జైల్లో కూర్చుని ఇద్దరూ చదరంగం ఆడుకుంటారు.

ఇప్పటిదాకా చెప్పిన విలన్లని ఒకసారి తలచుకోండి. ఒకడు తమ్ముడు. ఒకడు స్నేహితుడు. ఇద్దరికీ హీరో కథలో వాటా ఉంది. ఆ వాటా లేనివాడు మలెకిత్. మరచిపోయాం.

మైకేల్ కీటన్‌ని కాసేపు పక్కన పెట్టాం. ఆయన 2017లో మళ్లీ ఈ లోకంలోకి వచ్చాడు. ఈసారి విలన్‌గా. సినిమా ‘స్పైడర్‌మన్ హోమ్‌కమింగ్’. దర్శకుడు జాన్ వాట్స్.

కీటన్ పాత్ర పేరు ఏడ్రియన్ టూమ్స్. ఏదో గ్రహం నుంచి దిగినవాడు కాదు. కాంట్రాక్టరు. సూపర్‌హీరోలు న్యూయార్కులో యుద్ధం చేసి వెళ్లిపోయాక ఆ శిథిలాలు ఎత్తే పని ఇతనికి దొరికింది. అప్పు చేసి లారీలు కొన్నాడు. మనుషుల్ని పెట్టుకున్నాడు. ఇంతలో సూటూబూటూ వేసుకున్న అధికారులు వచ్చి, ఈ పని ఇక మాది, మీరు వెళ్లండి అన్నారు. వాళ్ల వెనక ఉన్నది కోటీశ్వరుడు టోనీ స్టార్క్, అంటే ఐరన్‌మన్. నగరాన్ని పగలగొట్టిందీ వాళ్లే, ఊడ్చే కాంట్రాక్టూ వాళ్లకే. టూమ్స్ ఆ చెత్తలో దొరికిన వింత సామానుతో దొంగ ఆయుధాల వ్యాపారం పెడతాడు. తప్పే. కానీ బిల్లు రాక అల్లాడిన కాంట్రాక్టరు ఎవరైనా మన శ్రోతల్లో ఉంటే, ఆ మొదటి సన్నివేశంలో ఎవరి పక్షాన ఉంటారో నేను ఊహించగలను.

అసలు దెబ్బ తర్వాత ఉంది. స్పైడర్‌మన్ పదిహేనేళ్ల కుర్రాడు, పేరు పీటర్. బడిలో డాన్సు కార్యక్రమం. తనకిష్టమైన అమ్మాయిని తీసుకెళ్లడానికి సూటు వేసుకుని వాళ్లింటికి వెళ్లాడు. తలుపు కొట్టాడు. తలుపు తీసింది టూమ్స్. ఆ అమ్మాయి తండ్రి. తను వేటాడుతున్న విలన్!

కుర్రాడికి తెలుసు, ఆయనెవరో. ఆయనకి తెలీదు, కుర్రాడెవరో. ముగ్గురూ కారెక్కారు. ఆయనే నడుపుతున్నాడు. కూతురు అమాయకంగా కబుర్లు చెబుతోంది. ఈ పీటర్ ఎప్పుడూ ఇంతే నాన్నా, అవసరమైన వేళకి మాయమైపోతాడు అని. ఆ మాయమైన వేళలన్నీ తండ్రి మనసులో ఒకదానిపక్కన ఒకటి చేరుతున్నాయి. అద్దంలోంచి వెనక సీటు వైపు చూస్తున్నాడు. సిగ్నల్ దగ్గర కారాగింది. ఎర్రదీపం. పచ్చదీపం వెలిగింది. ఆ పచ్చటి వెలుగు కీటన్ ముఖం మీద పడింది. కారు కదల్లేదు. ఆయనకు అర్థమైపోయింది.

ఎగరడం లేదు, పేలడం లేదు, గుద్దులాట లేదు. కారులో ముగ్గురు మనుషులు. సూపర్‌హీరో సినిమాల్లో నేను చూసిన భయంకరమైన సన్నివేశాల్లో ఇది ముందుంటుంది. కూతుర్ని లోపలికి పంపి ఆయన తుపాకీ తీస్తాడు. నా బిడ్డ ప్రాణం కాపాడావు, అందుకు ఒక్క అవకాశం ఇస్తున్నాను, నా దారికి అడ్డు రాకు అంటాడు. కృతజ్ఞత చెబుతూ బెదిరించడం! మామగారి వరసలో ఉన్న మనిషి! ఒకప్పుడు బ్యాట్‌మన్‌గా ఊరిని కాపాడిన ముఖం అది. ఆ ముఖంలో తండ్రి కనిపిస్తాడు కాబట్టే విలన్ అంత భయపెడతాడు.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావాలి. అందరూ చుట్టాలేనా? మరి జోకర్ మాటేమిటి?

మంచి ప్రశ్న. 2008లో వచ్చిన బ్యాట్‌మన్ సినిమా ‘ది డార్క్ నైట్’లో జోకర్‌కి పేరు లేదు. ఊరు లేదు. చుట్టరికం లేదు. పెదవుల పక్కన ఆ గాయాలు ఎలా వచ్చాయో ఒకసారి ఒక కథ చెబుతాడు. ఇంకోసారి ఇంకో కథ చెబుతాడు. రెండూ నమ్మించేలా చెబుతాడు. అంటే రెండూ నమ్మలేం. దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ కావాలనే వాడికి గతం ఇవ్వలేదు.

ఆ వేషం హీత్ లెడ్జర్‌కి ఇచ్చినప్పుడు మళ్లీ అభిమానుల గోల. ప్రేమకథల్లో వేసిన అందగాడు, వీడేం జోకర్ అని. అంటే ఏమిటి? హీరో ముఖం అని ఫిర్యాదు. ఆ ఫిర్యాదే ఎంపిక సరైందనడానికి రుజువు. సినిమా విడుదలకి ఆరు నెలల ముందే, ఆ జనవరిలో లెడ్జర్ చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయనకిచ్చిన ఆస్కార్‌ని కుటుంబసభ్యులు వేదికనెక్కి అందుకున్నారు. ఈ విషాదం వల్ల ఆ నటన గురించి మాట్లాడేటప్పుడు చాలామంది చావు గురించే మాట్లాడతారు. నేను రచన గురించి మాట్లాడతాను.

పోలీసు స్టేషన్లో విచారణ. జోకర్, బ్యాట్‌మన్ ఎదురెదురుగా. నువ్వూ నేనూ ఒకటే అంటాడు జోకర్. ఈ జనానికి నువ్వు అవసరమైనన్నాళ్లే నీకు విలువ, అవసరం తీరాక నిన్నూ వెలేస్తారు అంటాడు. బ్యాట్‌మన్ కొడతాడు. జోకర్ నవ్వుతాడు. ఎంత కొట్టినా నవ్వుతాడు. చివరికి ఇద్దరు బందీలు ఎక్కడున్నారో చెబుతాడు, రెండు చిరునామాలు. బ్యాట్‌మన్ తను ప్రేమించిన అమ్మాయి కోసం పరుగెడతాడు. తలుపు తీస్తే అక్కడ ఉన్నది రెండోవాడు. జోకర్ చిరునామాలు తారుమారు చేసి చెప్పాడు. అమ్మాయి దక్కలేదు.

ఆ గదిలో బలం బ్యాట్‌మన్‌ది. ఆట జోకర్‌ది. ఇంకా ముఖ్యమైన సంగతి చెబుతాను. సినిమా ఆఖర్న ఏం జరుగుతుంది? చేయని నేరాలు నెత్తినేసుకుని బ్యాట్‌మన్ చీకట్లో పారిపోతుంటాడు. పోలీసులు కుక్కల్ని వదిలి తరుముతుంటారు. విలన్ విచారణ గదిలో చెప్పిన జోస్యం ఫలించింది! చుట్టరికం లేనివాడు, నువ్వూ నేనూ ఒకటే అని చుట్టరికం కలుపుకున్నాడు. సినిమా దాన్ని పూర్తిగా కాదనలేకపోయింది. హీరో స్థానంలో విలన్ నిలబడటం ఒక పద్ధతి. హీరోని లాక్కెళ్లి తన పక్కన నిలబెట్టుకోవడం ఇంకో పద్ధతి. జోకర్‌ది ఈ రెండోది.

ఇక 2018కి వద్దాం. ‘బ్లాక్ పాంథర్’. ఆఫ్రికాలో వకాండా అనే ఊహాదేశం. లోకానికి తెలియకుండా దాచుకున్న సంపద, విజ్ఞానం. రాజు టచాలా, వేసింది చాడ్విక్ బోస్‌మన్. విలన్ పేరు కిల్‌మాంగర్. రాజుకి స్వయానా చిన్నాన్న కొడుకు. ఇంతకంటే దాయాది ఎవరుంటారు?

వాడి తండ్రిని చంపింది ఎవరో కాదు, రాజు తండ్రే. అమెరికాలో ఓక్లాండ్ అనే ఊళ్లో, పేద నల్లజాతి వాళ్లుండే ఒక అపార్ట్‌మెంట్లో సొంత తమ్ముణ్ణి చంపి, పిల్లవాణ్ణి అక్కడే అనాథగా వదిలేసి, ఆ సంగతి దాచేశాడు. పిల్లవాడు పెరిగి పెద్దవాడై సింహాసనం కోసం వచ్చాడు. వచ్చి ఒకటే అడుగుతాడు. ప్రపంచమంతా మనవాళ్లు చస్తుంటే, ఇంత సంపద పెట్టుకుని మీరెక్కడున్నారు?

దర్శకుడు రయన్ కూగ్లర్. కిల్‌మాంగర్ వేషం మైకేల్ బి. జోర్డన్‌ది. అంతకుముందు కూగ్లర్ తీసిన రెండు సినిమాల్లోనూ జోర్డనే హీరో. అందులో మొదటిది 2013లో వచ్చిన ‘ఫ్రూట్‌వేల్ స్టేషన్’, పోలీసు కాల్పుల్లో చనిపోయిన ఒక నల్లజాతి యువకుడి నిజకథ. అది జరిగిన ఊరు ఏదో తెలుసా? ఓక్లాండే. ఆ ఊళ్లో అన్యాయంగా చనిపోయిన కుర్రాడి ముఖాన్నే, ఆ ఊరి నుంచి పగతో వచ్చిన విలన్‌కి పెట్టాడు దర్శకుడు. ఇది వేషం ఇవ్వడమా, కథ రాయడమా? ఏది ఎక్కడ ఆగిందో చెప్పండి చూద్దాం.

కిల్‌మాంగర్ ఓడిపోతాడు. కానీ అంతకుముందే టచాలా చనిపోయిన తన తండ్రిని స్వప్నలోకంలో కలిసి, మీరు తప్పు చేశారు, మీరందరూ తప్పు చేశారు అని పెద్దల ముఖం మీదే అంటాడు. చివరికి తన దేశం తలుపులు లోకానికి తెరుస్తాడు. ఓక్లాండ్‌లో ఆ హత్య జరిగిన భవనాన్నే కొని, అక్కడ సేవాకేంద్రం పెడతాడు. గెలిచిన రాజు ఓడినవాడి ప్రశ్నకి జవాబు చెల్లించుకుంటున్నాడు. పద్ధతి తప్పు, ప్రశ్న ఒప్పు అని సినిమా ఒప్పుకుంది. ఇంత ధైర్యం ఈ తరహా సినిమాల్లో అరుదు.

మళ్లీ చెబుతున్నాను. హీరో కాగలిగిన నటుడు, హీరో కాగలిగిన మనిషి. రెండూ కుదరాలి.

మన తెలుగులో వచ్చిన సూపర్‌హీరో సినిమా ఒకటి చెప్పి ముగిస్తాను. 2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’. విలన్ మైకేల్ వేషం వినయ్ రాయ్‌ది. 2008లో ‘వాన’ సినిమాలో ప్రేమికుడైన హీరోగా మనం చూసిన నటుడే. ఎంపిక బాగుంది. పాత్ర మొదలవడం ఇంకా బాగుంది. సూపర్‌హీరో కావాలని కలలుకనే చిన్న పిల్లవాడు మైకేల్. సూపర్‌హీరోలకి అమ్మానాన్నలు ఉండరని గమనించి, కన్నవాళ్లని చంపేస్తాడు! ఇలాంటి ఊహ ఆ హాలీవుడ్ వాళ్లకే అరుదుగా తడుతుంది. కానీ పెద్దయ్యాక అంజనాద్రి అనే ఊరికి వచ్చేసరికి వాడు శక్తినిచ్చే ఒక మణిని కాజేయడానికి వచ్చిన మామూలు విలన్ అయిపోయాడు. హీరో హనుమంతు ఎవరు? ఊళ్లో చిల్లర దొంగతనాలు చేసుకునే కుర్రాడు. వాడికి మణి సముద్రంలో ఊరికే దొరికింది. మైకేల్ సూపర్‌హీరో కావడం కోసం జీవితం ధారపోశాడు, కన్నవాళ్ల ప్రాణాలు తీశాడు. ఆ ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డప్పుడు, నీకెందుకు దొరికింది, నాకెందుకు దొరకలేదు అని మైకేల్ గట్టిగా ఒక్కసారి అడిగి ఉంటే, హనుమంతు ఏం జవాబు చెప్పేవాడు? ఆ జవాబు వెతుక్కునే పని రచయితకి పడేది. నాకైతే ఆ సన్నివేశం చూడాలని ఉంది.